తుంటి, భుజం పట్టేస్తున్నాయి. పిల్లిలా, ఎలుగుబంటిలా చేసే వ్యాయామాలు ఎవరైనా చేస్తున్నారా?

సూది_దారం
తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, 19 ఏళ్ళుగా ఇదే పని. వయసు 44. శ్రావణం ఆర్డర్లు మొదలయ్యాక రోజుకు తొమ్మిది పది గంటలు మిషన్ మీదే. రెండు నెలలుగా రెండు బాధలు. ఒకటి, మిషన్ దగ్గర నుంచి లేవగానే కుడి తుంటి పట్టేస్తోంది. నిమిషం సేపు బల్ల పట్టుకుని నిలబడితే గానీ అడుగు పడదు. రెండోది ఎడమ భుజం. దండెం మీద బట్టలు ఆరేద్దామంటే చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోతుంది. ఎక్స్‌రే తీశారు, ఎముకలకు ఏమీ లేదన్నారు. ఐదు రోజులకు మాత్రలిచ్చారు. వేసుకున్నన్నాళ్ళు బాగుంది, ఆపగానే మళ్ళీ మొదలు.

మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. పిల్లిలా వీపు పైకెత్తడం, ఎలుగుబంటిలా చేతులూ కాళ్ళ మీద నడవడం, పీతలా పాకడం. చేసేది పాతికేళ్ళ కుర్రాడు. నాలాంటి వాళ్ళకు పనికొస్తాయా? దేనితో మొదలుపెట్టాలి, దేని జోలికి పోకూడదు? చేసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_అన్న
అక్కా, ఇవన్నీ వీడియోల వాళ్ళ హడావుడి. పొద్దున్నే అరగంట నడవండి చాలు.

జామచెట్టు
నడిస్తే చెయ్యి దండెం దాకా లేస్తుందా అన్నా? ఆవిడ అడిగింది భుజం గురించి కూడా.

మా ఇంట్లో పిల్లి ఉంది. నిద్ర లేచాక అది చేసే పని ఒక్కసారి గమనించండి. ముందు కాళ్ళు రెండూ బాగా ముందుకు చాపి, ఛాతీ కిందకి దించి, వెనక భాగం పైకెత్తుతుంది. తర్వాత ముందుకు జరిగి వెనక కాలు ఒక్కొక్కటే వెనక్కి సాగదీస్తుంది, వేళ్ళు విడిపోయేదాకా. అంతా పది సెకన్లు. ఎంత ఆకలేసినా, గిన్నె చప్పుడు వినిపించినా, అది చేశాకే కదులుతుంది. ఏడాదిగా నేనూ మంచం దిగకముందు అలాగే ఒళ్ళు విరుచుకుంటున్నా. పొద్దున పూట నడుము బిగుసుకుపోవడం బాగా తగ్గింది.

ఫిజియో_ఖమ్మం
సూది_దారం గారూ, వ్యాయామం పేరు చెప్పే ముందు మీ దగ్గర్నుంచి మూడు విషయాలు కావాలి.

తుంటి నొప్పి అని ఎవరైనా అంటే నేను ముందు చేత్తో చూపించమంటాను. మనవాళ్ళు పిరుదు మీద చెయ్యి వేసి తుంటి అంటారు. అసలు తుంటి కీలు లోపల బాగోకపోతే ఎక్కువగా నొప్పి గజ్జల్లో తెలుస్తుంది. పక్కన ఉబ్బెత్తు ఎముక మీద నొప్పైతే అది వేరు. పిరుదులో మొదలై కాలు కిందకి దిగుతుంటే వెన్నుపూస వైపు చూడాలి. మీకు ఎక్కడ?

రెండోది భుజం. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, ముంజేతులు ముందుకు చాపి, తలుపు రెక్కలు తెరిచినట్టు రెండింటినీ బయటకు తిప్పండి. ఎడమది కుడిదానంత వెళ్తోందా? మీ అమ్మాయిని మెల్లగా తిప్పి చూడమనండి. ఆమె తిప్పినా అక్కడే ఆగుతోందా?

మూడోది, షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారు?

సూది_దారం
తుంటి అంటే పక్క ఎముక, దాని వెనక పిరుదు. గజ్జల్లో ఏమీ లేదు. కాలు కిందకి దిగడం లేదు.
చెయ్యి తిప్పి చూశానమ్మా. కుడిది పూర్తిగా తెరుచుకుంటోంది, ఎడమది సగంలో ఆగింది. అమ్మాయి తిప్పినా అంతే, పైగా నొప్పి. షుగర్ పరీక్ష ఎప్పుడూ చేయించలేదు.

ఫిజియో_ఖమ్మం
పరగడుపున వెళ్ళి ఆ పరీక్ష చేయించండి, రేపే. మీరు చెప్పినదాన్ని బట్టి ఫ్రోజెన్ షోల్డర్ మొదలవుతున్నట్టు అనుమానంగా ఉంది. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది, ఆడవాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళలో మరీ ఎక్కువ. భుజం చుట్టూ ఉండే పొర వాచి, మందమై, ముడుచుకుంటుంది. కండరం బిగుతైతే ఇంకొకరు తిప్పినప్పుడు కొంచెమైనా లొంగుతుంది, ఇది లొంగదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు కాబట్టి చాలామంది నెలల తరబడి ఏమీ లేదనుకుంటారు.

అందుకే ఎలుగుబంటి నడక ఇప్పుడు వద్దు, ఒళ్ళు బరువంతా ఆ భుజం మీద పడుతుంది. పీత అసలే వద్దు, చేతులు వెనక్కి పెట్టి లేవాలి. మీకు పనికొచ్చే జంతువు ఏనుగు.

బల్ల మీద కుడిచెయ్యి ఆనించి ముందుకు వంగండి. ఎడమ చెయ్యి తొండంలా కిందకి వేలాడాలి. ఇప్పుడు చేతిని ఊపకండి. కాళ్ళ మీద బరువు అటూ ఇటూ మార్చండి, ఒళ్ళు కదిలితే చెయ్యి దానంతట అదే ఊగాలి. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, చిన్న చిన్న గుండ్రాలు. రెండు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. భుజం బిగబట్టి బలంగా తిప్పితే ఉపయోగం లేదు.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్
ఫిజియో గారు ఎలుగుబంటి వద్దన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కిందటేడు నేను అదే వీడియో రకం చూసి మొదటి రోజే గది ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు నడిచాను. రోజుకు పదకొండు గంటలు కుర్చీలో కూర్చునే ఒళ్ళు. మర్నాడు పళ్ళు తోముకోవడానికి చెయ్యి లేవలేదు, తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు చేస్తున్నది ఇంతే: చేతులు, మోకాళ్ళ మీద ఉండి మోకాళ్ళు రెండంగుళాలు పైకి లేపడం, ఐదు సెకన్లు ఆగడం, దించడం. నడక లేదు. ఆరు సార్లు. అదే నాకు భుజాల మధ్య బలం తెచ్చింది. సూది_దారం గారికి కాదు, నాలాంటి కుర్చీ వాళ్ళకు చెప్తున్నా.

రిటైర్డ్_మాస్టారు
జంతువులను చూసి నేర్చుకోవడం వీడియోల వాళ్ళు కనిపెట్టింది కాదు. ఘేరండ సంహిత అనే పాత యోగ గ్రంథంలో ప్రపంచంలో ఎన్ని జీవజాతులున్నాయో అన్ని ఆసనాలున్నాయని చెప్పి, చివరకు మనుషులకు పనికొచ్చేవి 32 అని లెక్క తేల్చారు. అందులో సింహం, గోముఖం, మత్స్యం, కుక్కుటం, కూర్మం, మండూకం, వృషభం, శలభం, మకరం, ఉష్ట్రం, భుజంగం, మయూరం అన్నీ ఉన్నాయి. కాబట్టి బెజవాడ_అన్న హడావుడి అనడం సరికాదు. పిల్లిలా వీపు ఎత్తేది మార్జాలాసనం, వేల ఏళ్ళ నాటిది.

జామచెట్టు
మాస్టారూ, మీరు రాసిన జాబితాలోనే పిల్లి లేదు కదండీ?

రిటైర్డ్_మాస్టారు
నిజమేనమ్మా, ఇప్పుడే పుస్తకం తీసి చూశాను. ఆ 32లో మార్జాలం లేదు. అలవాటులో రాసేశాను, వేల ఏళ్ళ నాటిదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మంచిదా కాదా అన్నదానికి పాతదనం కొలత కాదు కూడా. నా వయసు 71, రోజూ చేస్తున్నాను.

తెల్లకోటు_2011
ఎంబీబీఎస్ చైనాలో చేశాను. హాస్టల్ పక్క పార్కులో పొద్దున ఆరింటికి పెద్దవాళ్ళు గుంపుగా చేసేవాళ్ళు. దాని పేరు వూచిన్‌షీ, అంటే ఐదు జంతువుల ఆట: పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి. హువా తువో అనే వైద్యుడి పేరు మీద చెప్పుకుంటారు, ఆయన క్రీ.శ. 208 ప్రాంతంలో చనిపోయాడు. ఆయన శిష్యుడితో అన్న మాట వాళ్ళ చరిత్ర గ్రంథంలో ఉంది. తిరిగే తలుపు బొడిపె పుచ్చదట, ఒళ్ళూ అంతేనట. ఆ శిష్యుడు 90 దాటి బతికాడని, పళ్ళు గట్టిగానే ఉన్నాయని కూడా రాశారు. అంతకన్నా పాతది చైనాలోనే మవాంగ్‌దుయ్ అనేచోట ఒక సమాధిలో 1973లో దొరికిన పట్టు వస్త్రం. దాని మీద 44 మంది ఒళ్ళు వంచుతూ సాగదీస్తూ ఉన్న బొమ్మలు.

ఇందులో ఎలుగు అంటే నేల మీద పాకడం కాదు. నిలబడే చేస్తారు. చేతులు వదులుగా పిడికిలి పట్టి పొట్ట ముందు పెట్టి, నడుము నుంచి మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, చేతులు దాన్ని అనుసరిస్తాయి. తర్వాత ఒక తుంటి ఎత్తి, ఆ కాలు బరువుగా ముందుకు వేసి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతారు. ఆ తుంటి ఎత్తడమే అసలు కీలకం. మా అపార్ట్‌మెంట్ కింద 80 ఏళ్ళ పెద్దాయన ఎలుగులా అడుగు వేస్తుంటే నిజంగానే నేల అదిరినట్టుండేది, చప్పుడు మాత్రం ఉండేది కాదు.

కూచిపూడి_గజ్జె
తెల్లకోటు గారు చెప్పిన ఎలుగు అడుగు చదువుతుంటే మా గజలీల గుర్తొచ్చింది. నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయ దర్పణంలో పది గతులు, అంటే నడకలు, చెప్పారు: హంసీ, మయూరీ, మృగీ, గజలీల, తురంగిణీ, సింహీ, భుజంగీ, మండూకీ, వీరా, మానవీ. పదింట్లో ఎనిమిది జంతువుల నడకలే. గజలీలలో రెండు చేతులూ పక్కలకు పతాకం (వేళ్ళు కలిపి చాపిన అరచెయ్యి) పట్టి, సమపాదంతో (పాదాలు సమంగా ఉంచి) నెమ్మదిగా నడవాలి. చిన్నపిల్లలకు నేర్పేటప్పుడు వాళ్ళు చేతులు ఊపుతారు, కానీ బరువు ఒక తుంటి నుంచి ఇంకో తుంటికి పూర్తిగా మారదు. నేను వెనక నుంచి నడుము పట్టుకుని "ఈ కాలు మీద నిలబడు, పూర్తిగా నిలబడు, ఇప్పుడు రెండోది" అంటాను. అప్పుడే ఏనుగు వస్తుంది.

మా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చే 50 దాటిన ఆడవాళ్ళకు మొదటి నెల ఇదే. సూది_దారం గారూ, మీరు లేచి నిలబడే ఆ నిమిషంలో బల్ల పట్టుకుని ఇదే చేయండి. కుడి తుంటి మీద నొప్పి రానంతవరకే బరువు వేస్తూ, ఎడమ, కుడి, ఎడమ. పది సార్లయ్యాక అడుగు వేయండి.

కరీంనగర్_పిల్ల
మా అమ్మకు 68. ఇప్పటికీ గొంతుకూర్చొని కూరగాయలు కోస్తది. చేతులు పట్టుకోకుండ లేస్తది. నాకు 36, అట్ల కూర్చుంటే మడమలు పైకి లేస్తయి, తుంటి పట్టేస్తది. కుర్చీలు, కమోడ్‌లు వచ్చినంక మనకు కప్ప కూర్చోవడం పోయింది. నేను ఇప్పుడు కిటికీ చువ్వ పట్టుకుని కూర్చోవడం నేర్చుకుంటున్న, మడమల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని. మొదట్ల 20 సెకన్లు, ఇప్పుడు రెండు నిమిషాలు.

బెజవాడ_అన్న
మోకాళ్ళు అరిగినవాళ్ళు ఇది చదివి కూర్చుంటే లేవలేరు. చెప్పేటప్పుడు చూసి చెప్పండి.

కరీంనగర్_పిల్ల
మోకాళ్ళ నొప్పి ఉన్నోళ్ళు చేయొద్దన్నా, నిజమే. రాయడం మర్చిపోయిన.

మందారం
ఒక మాట చెప్పాలి. మా ఆయన మూడేళ్ళ కిందట తుంటి పట్టేసిందని వీడియోలు చూసి సీతాకోకచిలుకలా మోకాళ్ళు ఊపడం, పావురంలా కాలు మడిచి ముందుకు వంగడం నాలుగు నెలలు చేశారు. నొప్పి గజ్జల్లో. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోలేకపోయేవారు. మేమంతా బిగుతే అనుకున్నాం. చివరకు ఎమ్మారై తీస్తే ఏవీఎన్ అన్నారు, తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోందని. అంతకుముందు వేరే జబ్బుకు చాలాకాలం స్టెరాయిడ్లు వాడారు. మొదటి ఎక్స్‌రేలో ఇది కనపడలేదు. వ్యాయామం చెడ్డదనడం లేదు. గజ్జల్లో నొప్పి, కుంటు, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ముందు చూపించుకోండి.

బెజవాడ_అన్న
మందారం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆవిడ గజ్జల్లో లేదని చెప్పారు కదా. ఉన్నదానికి తోడు భయం ఎందుకు?

ఫిజియో_ఖమ్మం
భయపెట్టడం కాదన్నా, చదివేది ఆవిడ ఒక్కరే కాదు. మందారం గారు రాసింది ప్రతి అక్షరం అవసరమే. దానికి ఇంకో మూడు కలపండి: పడిన తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, కాళ్ళ మధ్య తిమ్మిరి లేదా మూత్రం పట్టు తప్పడం. ఇవి ఉంటే ఏ జంతువూ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

పావురం గురించి కూడా. నేల మీద ముందుకాలు మడిచి చేసేదానిలో తుంటి తిరగకపోతే ఆ మెలిక మోకాలు మీద పడుతుంది. బిగుతుగా ఉన్నవాళ్ళు వెల్లకిలా పడుకునే చేయాలి. కుడి చీలమండ ఎడమ తొడ మీద పెట్టి, ఎడమ తొడ వెనక రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దగ్గరకు లాక్కోవడం. కుడి పిరుదులో లాగినట్టు తెలియాలి, మోకాల్లో కాదు. భుజం నొప్పి ఉంటే చేతులకు బదులు తువ్వాలు వేసి కుడిచేత్తో లాగండి.

షికాగో_చలి
ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా బయటకు వెళ్ళేది తక్కువ, మెడా భుజాలూ చెవుల దగ్గరకు ఎక్కేస్తాయి. మా ఆరేళ్ళ వాడితో కలిసి సాయంత్రం కార్పెట్ మీద పది నిమిషాలు చేస్తాను. వాడు జంతువు పేరు చెప్పాలి, ఇద్దరం అది అవ్వాలి. నిన్న వాడు డైనోసార్ అన్నాడు. ఎలా చేయాలని అడిగితే, తోక ఊపమన్నాడు. తుంటి రెండు పక్కలకూ ఊపితే నిజంగానే నడుము వదులైంది.

రిటైర్డ్_మాస్టారు
మా ఊళ్ళో పీర్ల పండక్కి పులివేషం కట్టేవాడు తోక ఊపింది చూసి ఉండాలి మీరు, రెండు గంటలు ఆగకుండా.

పాదరసం
నేనూ టైలర్‌నే, గుంటూరు. అందరూ వ్యాయామం చెప్తున్నారు, స్టూలు గురించి ఎవరూ అడగలేదు. సూది_దారం అక్కా, మీ స్టూలు ఎత్తెంత? కూర్చుంటే మోకాళ్ళు తుంటి కన్నా పైకి ఉన్నాయా? పెడల్ ఏ కాలు?

సూది_దారం
ప్లాస్టిక్ స్టూలు, పొట్టిదే. మోకాళ్ళు పైకే ఉంటాయి. మోటారు పెడల్ కుడికాలు. ఎడమ చేత్తో బట్ట నెడతాను.

పాదరసం
చూశారా, కుడి తుంటి, ఎడమ భుజం. నాకూ అచ్చం అంతే ఉండేది. స్టూలు కింద చెక్క పెట్టి మూడంగుళాలు పెంచాను, పెడల్ కాస్త దగ్గరకు లాక్కున్నాను, కాలు చాపి నొక్కాల్సిన పని లేకుండా. ఇంకొకటి, బాబిన్ అయిపోయినప్పుడల్లా లేవండి. దారం ఎక్కించేది నిలబడి ఎక్కించండి. గంట చూసి లేవడం మనకు కుదరదు, బాబిన్ అయితే అదే ఆపుతుంది.

ఫిజియో_ఖమ్మం
ఇది నాకు తట్టలేదు. చాలా బాగుంది. లేచినప్పుడు గజ్జె గారి ఏనుగు నడక పది సార్లు, తొండం రెండు నిమిషాలు. భుజం నొప్పి కొంచెం తగ్గాక సాలెపురుగు: గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడ మీద పైకి పాకాలి, నొప్పి మొదలైనచోట ఆగి, ఐదు సెకన్లు ఉండి, దిగాలి. పిల్లి కావాలంటే నేల మీద కాకుండా బల్ల మీద అరచేతులు ఆనించి నిలబడి చేయండి. ఊపిరి వదులుతూ వీపు గుండ్రంగా, పీలుస్తూ వీపు లోపలికి. చేసిన తర్వాత నొప్పి గంటలోపు మామూలుకు రావాలి. మర్నాటికీ ఉంటే చేసింది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి.

జామచెట్టు
సాలెపురుగు ఎంత ఎక్కిందో టైలర్ సుద్దతో గీత పెట్టుకోండి అక్కా. మీ దగ్గర టేపు కూడా ఉంది.

సూది_దారం
పదిహేను రోజులైంది, ఆర్డర్ల వల్ల రాయలేకపోయాను. పరీక్ష చేయించాను. పరగడుపున 142 వచ్చింది. రెండోసారి చేసినా అలాగే. షుగర్ అని తేల్చారు, మందు మొదలుపెట్టారు. రెండు రోజులు ఏడ్చాను. మా అమ్మకూ ఉంది, నాకు రాదని ఎందుకనుకున్నానో. ఫిజియో గారూ, మీరు అడగకపోతే ఎప్పటికి తెలిసేదో. డాక్టరు గారు కూడా భుజం చూసి మీరన్న పేరే చెప్పారు, ఏడాది పైన పట్టొచ్చన్నారు.

తుంటి మాత్రం చాలా తేడా ఉంది. స్టూలు కింద పాత పీట పెట్టాను. బాబిన్ అవగానే లేస్తున్నాను, రోజుకు పన్నెండు పదమూడు సార్లు అవుతోంది. ఇప్పుడు బల్ల పట్టుకోకుండా నడుస్తున్నాను.

మందారం
ఏడవకండి అక్కా. తొందరగా తెలిసింది, అది మంచిదే. మా ఆయన తుంటి మార్పిడి అయ్యాక ఇప్పుడు మేడ మెట్లు ఎక్కుతున్నారు.

బెజవాడ_అన్న
అక్కా, మొదట నడక చాలన్నాను, ఆ మాట తప్పు. నిన్న నేనూ ఆ తలుపు రెక్కల పరీక్ష చేసుకున్నా. రెండూ తెరుచుకున్నాయి. షుగర్ పరీక్షకు సోమవారం వెళ్తున్నా.

పాదరసం
భుజం ఎలా ఉందో చెప్పలేదు?

సూది_దారం
మొదటి వారం తొండం ఒక్కటే చేశాను, రాత్రి నొప్పి తగ్గింది, ఎడమ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నాను. ఎనిమిదో రోజు నుంచి సాలెపురుగు. వంటింటి గోడ మీద సుద్ద గీతలు. మొదటి గీత నేల నుంచి 56 అంగుళాలు. మూడు రోజులు కదల్లేదు. తర్వాత 56న్నర. ఇవాళ పొద్దున 58.

జామచెట్టు
దండెం ఎత్తు ఎంత అక్కా?

సూది_దారం
కొలిచాను. 68. అప్పటిదాకా మా అమ్మాయే ఆరేస్తానంది.